మూతపడని మైకు

“ఇలియాస్, స్వరూపను చంపమనే ఆర్డర్ సిద్ధంగా ఉంది. ముఠా నాయకుడు నోరు తెరవడమే తరువాయి.”

ఢిల్లీ నుంచి చీఫ్ గొంతు. గద్వాల నేతగాళ్ళ సందులో, ఆటో వెనక సీటు మీద కాళ్ళు ముడుచుకుని పడుకున్న ఏజెంట్ ఇలియాస్ కళ్ళయినా తెరవలేదు. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు, చెవిలో చెవిటివాళ్ళు పెట్టుకునే మిషన్. చూసేవాళ్ళకు అది చెవి మిషనే. లోపలున్నది మాత్రం ట్రాన్స్‌మిటర్. వేషాలు వేసీ వేసీ విసుగు పుట్టింది పాపం మనిషికి. ఫకీరయ్యాడు, పల్లీల బేరగాడయ్యాడు, ఒకసారి పెళ్ళి బ్యాండులో డోలు కూడా కొట్టాడు. మోకాళ్ళు అరిగాయి గాని దేశానికి శత్రువులు అరగలేదు.

“చెప్పుండ్రి సార్, ఇంటున్న.”

“ముఠా మాట్లాడుకునేది ఆ అంతరిక్షం ఆన్‌లైన్ గేమ్‌లోనే కదా. ఈ రోజు దానికి టెస్ట్ అప్‌డేట్ వచ్చింది. అందరికీ ఇచ్చే ముందు కొందరికే ఇచ్చి చూస్తారు. ఓడలకు కొత్త రంగులొచ్చాయి, అవి మనకెందుకు. లైవ్ ట్రాన్స్‌లేషన్ వచ్చింది. ఎవరు ఏ భాషలో మాట్లాడినా వినేవాడికి ఇంగ్లీషులో వినబడుతుంది. మన ప్రాణాల మీదికి వచ్చింది ఇంకొకటి. ఓపెన్ మైక్. ఆపితే ఆగినట్టు చూపిస్తుంది గాని ఆగదు. ఇప్పుడే తెలిసింది.”

“అంటె?”

“స్వరూప ఇంట్లో అనే ప్రతి మాటా మదర్ వింటున్నాడు.”

ఇలియాస్ లేచి కూర్చున్నాడు.

మదర్ ఏ దేశంవాడో ఎవరికీ తెలియదు. మన రాడార్ల గుట్టు కొనడం వాడి పని. ఆటలో అన్నిటికన్నా పెద్ద ఓడ, మదర్‌షిప్, వాడిదే కాబట్టి ముఠా మొత్తం వాణ్ణి మదర్ అనే పిలుస్తుంది. ఇక స్వరూప అంటారా, గద్వాల చీర కట్టి కెమెరా ముందు నిలబడితే విదేశాల బేరగాడు రెప్ప వేయడం మరిచిపోతాడు. ఆ చీరల బేరం చాటున ఆమె తమకే పని చేస్తున్నదని ముఠా నమ్మకం. ఆమె పని చేసేది మనకు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఇన్నేళ్ళు తడవకుండా నడిచిన పిల్ల.

ఇప్పుడు వాళ్ళకు అనుమానమొచ్చింది. గోపాల్‌పేట దారిలోని పాత రైస్‌మిల్లుకు రమ్మన్నారు. వస్తానని ఆమె టైప్ చేసి పంపింది. టైప్ చేసినదాన్ని మదర్ నమ్మడు, మనిషి ఇంట్లో అనుకునే మాటనే నమ్ముతాడు. పారిపోతున్నట్టు ఒక్క మాట వినబడితే చాలు, సందు మొదట్లో సోడా బండి దగ్గర నిలబడ్డ ఎర్ర టోపీవాడి చెవిలో అదే ఆట లైను, జేబులో తుపాకి సిద్ధం. ఈలోగా ఇలియాస్ ఆమెను ఆటోలో మన్ననూర్ అడవి బంగ్లాకు తప్పించాలి.

“ఫోన్ చేసి నోరు మూస్కొమ్మనుండ్రి సార్!”

“ఆట ఉన్నది ఆ ఫోన్‌లోనేనయ్యా! ఏం చెప్పినా వాడికీ తెలుస్తుంది. ఆ లైను నీ చెవికి కలుపుతున్నా, విను.”

పరుగెత్తుకెళ్దామంటే ఎర్ర టోపీవాడి చూపు ఆటో మీదే ఉంది. ఇలియాస్ అల్లాను తలుచుకుని చెవి ఒగ్గాడు.

మగ్గం చప్పుడు. దూరం నుంచి తల్లి జమ్ములమ్మ గొంతు. “బువ్వ తినకనే లేసినవ్? జర రెండు ముద్దలన్న తినరాదె.” అంత దూరపు గొంతు ఆటలోని తర్జుమా మిషన్‌కు అందలేదు, ఇంగ్లీషు రాలేదు. ఇప్పుడా ముసలమ్మ దగ్గరికొచ్చి “యాడికే?” అందంటే కథ ముగిసినట్టే. కాని బయలుదేరేవాళ్ళను ఎక్కడికని అడగడం ఆ ఇళ్ళలో అపశకునం. జమ్ములమ్మ అడగలేదు.

చెప్పుల చప్పుడు. స్వరూప గొంతు, దగ్గరగా, స్పష్టంగా:

“వస్తనే అమ్మా... వస్త.”

గడప దాటేవాళ్ళ మాట అది. పోతాననడం మంచిది కాదని, పోయే ప్రతివాళ్ళూ వస్తననే అంటారు. ఇల్లు విడిచి పోతున్నానని పిల్ల శత్రువు చెవిలోనే చెప్పేసింది! ఎర్ర టోపీవాడి చెయ్యి జేబులోకి వెళ్ళింది.

అప్పుడు తర్జుమా మిషన్ చప్పగా అప్పజెప్పింది:

“ఐ యామ్ కమింగ్, మదర్. ఐ యామ్ కమింగ్.”

తర్వాత లైన్లో ఎవరో సంతోషంగా నవ్వారు.

“గుడ్ గర్ల్,” అన్నాడు మదర్. “రెడ్ క్యాప్, ఆమెను ముట్టుకోకు. ముందు నువ్వు మిల్లుకు పో.”

ఎర్ర టోపీవాడి చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. మోటారు సైకిల్ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

జరీ అంచు చీర మెరుస్తుండగా స్వరూప ఆటో దగ్గరికొచ్చి కోడ్ చెప్పబోయింది. ఇలియాస్ నోటి మీద వేలు పెట్టి, ఆమె చేతిలోని ఫోన్ లాక్కుని నల్లా కింది బిందెలో పడేశాడు.

“కొత్త ఫోనన్నా గది!”

“పాణం పాతదే గద చెల్లె, గదన్న మిగలనీ. ఎక్కు.”

“మీటర్ ఉన్నదా?” అంది, పద్ధతి తప్పకూడదని.

“సచ్చి శానా దినాలాయె,” అన్నాడతను కోడ్ ప్రకారమే. ఆ మాట మీటరు గురించా తన గురించా అనిపించేంత నీరసంగా.

మన్ననూర్ బంగ్లా మెట్ల మీద అతను మోకాళ్ళు ఒత్తుకుంటుంటే చీఫ్ లైన్లోకి వచ్చాడు. మిల్లులో ఎర్ర టోపీతో సహా అందరూ దొరికారు. ఆమె వస్తుందని ఎదురుచూస్తూ మదర్ లైన్లోనే కూర్చున్నాడట, వాడి జాడా తెలిసిపోయింది, అక్కడి పోలీసులు పట్టుకున్నారు.

“ఇంకో మాట. మనమూ టెస్టర్లమే కదా, గేమ్ కంపెనీ అడుగుతోంది. ఆ ట్రాన్స్‌లేషన్‌లో సరిచేయాల్సిన తప్పులేమైనా కనబడ్డాయా?”

ఇలియాస్ ఆవలించాడు.

“ఒక్కటి గూడ లేదు సార్. జర దాని జోలికి పోవద్దని చెప్పుండ్రి.”