బంధువుల స్క్రీన్

డాక్టర్ హైమవతి ఆ రోజు అంబులెన్స్ ఎక్కింది రోగి కోసం కాదు, రోగి కొడుకు కోసం. తను తయారుచేసిన పెట్టెకి కొత్తగా తగిలించిన రెండో స్క్రీన్ పనిచేస్తోందో లేదో తేలాలంటే ఆ కొడుకు మొహం చూడాలి. పన్నెండేళ్లు ఊపిరితిత్తుల మీద పరిశోధన చేసిన మనిషికి చివరికి దక్కిన పని ఇది.

ముందు అంబులెన్సులో అమర్చే ఆ పెట్టె సంగతి చెప్పాలి. జబ్బుమనిషి మాస్కులోకి మూడుసార్లు ఊదితే చాలు, ఆ ఆయాసం గుండె వల్ల వచ్చిందా, ఉబ్బసమా, లేక ఏళ్ల తరబడి పొగకి పాడైన ఊపిరితిత్తులదా అన్నది అర నిమిషంలో చెప్పేస్తుంది. ఆ మూడోదాన్నే డాక్టర్లు సీఓపీడీ అంటారు. అది ఉన్నవాళ్లకి ఆక్సిజన్ కొలిచి ఇవ్వాలి. మరీ ఎక్కువిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మనిషి మత్తులోకి జారిపోతాడు. పక్కనున్నవాళ్లేమో హాయిగా నిద్రపట్టిందని సంతోషిస్తారు. అందుకే పెట్టె ఆక్సిజన్ వాల్వ్‌ని తన అదుపులోకి తీసుకుని, రక్తంలో ఆక్సిజన్ ఎనభై ఎనిమిదికీ తొంభై రెండు శాతానికీ మధ్య ఉండేలా చూసుకుంటుంది.

ఇంత బుద్ధిగా పనిచేసే యంత్రానికి జనంతోనే వచ్చింది చిక్కు. వేలికి తగిలించుకునే ఆక్సిజన్ మీటరు ఇప్పుడు లేని ఇల్లు లేదు. తొంభై నాలుగు దాటకపోతే మనిషి దక్కడని అందరి బుర్రల్లోనూ నాటుకుపోయింది. తెర మీద తొంభై కనబడగానే బంధువులు టెక్నీషియన్ గౌరునాయుడి మీద పడేవాళ్లు. ఆక్సిజన్ ఎవరికోసం దాస్తున్నావని నిలదీసేవాళ్లు. ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారైతే ఏకంగా వాల్వ్‌ని తిప్పేయడానికి రెంచీ బిగించాడు. ఆయనకి నచ్చజెప్పేసరికి రోగికంటే తనకే ఎక్కువ ఆయాసం వచ్చిందని గౌరునాయుడు రిపోర్టులో రాశాడు.

ఫిర్యాదులు గుట్టలు పడ్డాయి. జనాన్ని మార్చడం మన పని కాదు, మీ పెట్టెనే మార్చండి అన్నారు పైవాళ్లు. హైమవతి వాదించి వాదించి విసిగిపోయింది. ఇక లాభం లేదనుకుని బంధువులు కూర్చునే బెంచీకి ఎదురుగా ఇంకో పెద్ద స్క్రీన్ పెట్టించింది. ఎవరెక్కినా, ఏ జబ్బైనా, అందులో తొంభై తొమ్మిదే ఉంటుంది. అసలు అంకె టెక్నీషియన్ వైపు తిరిగి ఉన్న చిన్న తెర మీద కనబడుతుంది.

ఆ స్క్రీన్‌కి ఎదురుగా మొదట కూర్చున్నవాడు రామినాయుడు. గజపతినగరం దాటాక ఒక ఊళ్లో అతన్నీ, అతని తల్లి సూరమ్మనీ ఎక్కించుకున్నారు. సూరమ్మ పడుకోనంది. మోకాళ్ల మీద చేతులాన్చి, ముందుకి వంగి, పెదాలు సున్నాలా చుట్టి గాలి వదులుతోంది. తల్లికి ఏ అలవాటూ లేదన్నాడు రామినాయుడు. పెట్టె మూడు ఊపిర్లు చూసి నలభై ఏళ్ల పొగ అంది. అడ్డపొగేనా అని గౌరునాయుడు అడిగితే సూరమ్మ తలూపింది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేదన్నమాట. కొడుకు కిటికీ వైపు తిరిగాడు.

ముక్కుకి మందు ఆవిరి పట్టారు. ఆక్సిజన్ పెట్టాక చిన్న తెర మీద అంకె డెబ్బై తొమ్మిది నుంచి ఎనభై తొమ్మిదికి వచ్చింది కానీ కార్బన్ డయాక్సైడ్ దిగిరాలేదు. గాలి తోసే మిషను సిద్ధంగా ఉంచమని గౌరునాయుడు విజయనగరం ఆసుపత్రికి ఫోన్ చేశాడు. రామినాయుడు పెద్ద స్క్రీన్ చూస్తూ కిక్కురుమనకుండా కూర్చున్నాడు. ఇన్నాళ్లకి ఒక బంధువు నోరు మూతపడిందని హైమవతి వెనక్కి వాలింది.

పది నిమిషాలైందో లేదో, రామినాయుడు డ్రైవరు వెనక అద్దం మీద దబదబా బాది బండి ఆపించాడు.

"తొంభై తొమ్మిదొచ్చీసింది గదండీ. ఇంక ఆసుపత్రెందుకు? బండి తిప్పీండి, ఇంటికి పోతాం."

ఇంకా ప్రమాదం దాటలేదని హైమవతి చెప్పింది. అతను స్క్రీన్ చూపించాడు. లోపల చెడ్డ గాలి పేరుకుందని చెప్పింది. మళ్లీ స్క్రీన్ చూపించాడు. బండి తిప్పకపోతే తల్లిని ఇక్కడే దింపి ఆటోలో తీసుకుపోతానన్నాడు. ఈ స్థితిలో ఇంటికి చేరితే సూరమ్మ సాయంత్రం దాకా దక్కదు. హైమవతికి వేరే దారి కనబడలేదు.

"ఆ అంకె అబద్ధం, రామినాయుడు గారూ. మీరు కంగారు పడకూడదని నేనే పెట్టాను. నిజం ఈ చిన్న తెర మీద ఉంది."

అతను రెండు తెరలూ మార్చి మార్చి చూశాడు.

"రెండూ మీరే సేసినారు గదా మేడమ్. ఏది అబద్దమో నానెలాగ తెలుసుకునేది? మాయమ్మని ఆసుపత్రిలో పడీడానికి ఇదొక ఎత్తు గావాల."

హైమవతికి సిగ్గేసింది. ఇంత గొడవలో సూరమ్మని చూస్తున్నవాళ్లు లేరు. ఆమె ఇంకాస్త ముందుకి వంగింది, రెప్పలు వాలుతున్నాయి. గౌరునాయుడికి ఓపిక చచ్చిపోయింది. రామినాయుడి భుజం పట్టుకుని తల్లి వైపు తిప్పాడు.

"తెరలొదిలీ బాబూ, అమ్మని సూడు. అమ్మా, ఒక్క ఊపిర్లో పది దాకా లెక్కెట్టమ్మా."

సూరమ్మ కళ్లు తెరిచి ఒకటి అంది. రెండు అంది. మూడు దగ్గర గాలి అయిపోయి పెదాలు మాత్రం కదిలాయి. కొడుకు నాలుగు కోసం చూశాడు, అది రాలేదు. అతను లేచి మళ్లీ అద్దం మీద బాదాడు, ఈసారి బండి పోనివ్వమని.

ఆసుపత్రిలో మిషను పెట్టిన గంటన్నరకి సూరమ్మ తేరుకుని, మంచినీళ్లివ్వమని సైగ చేసింది. మంచం పక్క మానిటర్‌లో తొంభై ఉంది. ఇదైనా నిజమేనా అని రామినాయుడు డ్యూటీ డాక్టరుని అడిగాడు. నిజమే, ఆవిడకి అదే మంచిది అన్నాడాయన. అతను తల్లి చెయ్యి పట్టుకుని ఆ తొంభైనే చూస్తూ కూర్చున్నాడు.

హైమవతి దగ్గరికొచ్చి క్షమించమంది. అబద్ధం చెప్పే ఆ స్క్రీన్‌ని రేపే పీకించేస్తానని మాటిచ్చింది. రామినాయుడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అప్పుడే పీకించీకండి మేడమ్. మాయప్ప, అదే మాయక్క, బొబ్బిలి నుంచి బయల్దేరింది. ఈ తొంభై సూసిందంటే ఆసుపత్రి పీకి పందిరేస్తాది. ఆవిడెళ్లేదాకా ఆ తొంభై తొమ్మిదిది తెచ్చి ఇక్కడెట్టీయండి."