సంద్రం తిప్పి పంపిన సంచి

"ఈ సంచి మీదేనాండీ?"

మిర్యాలగూడలోని కౌసల్యా రైస్ మిల్ ఆఫీసులో కూర్చున్న నిఖిత తలెత్తి చూసింది. ఎండకు నల్లబడ్డ కుర్రాడు. చేతిలో నాచు పట్టిన ప్లాస్టిక్ బియ్యం సంచి. రంగు వెలిసినా మిల్లు పేరు కనిపిస్తూనే ఉంది.

"మాదే. అయితేంది?"

"నాగాయలంక దగ్గర సముద్రంలో దొరికిందండీ. తాబేలు మెడకు చుట్టుకుని ఉంది."

"అమ్మినంక సంచి యాడికి పోతదో మాకేం ఎరుక? గింత దూరం లొల్లి పెట్టుకోనీకి వచ్చినవా?"

"లేదండీ, చూపించి పోదామని. తాబేలు బతికిందండీ. దానికేమైందని మీరు అడుగుతారనుకున్నా."

నిఖిత అతనికి కుర్చీ చూపించింది.

అతని పేరు నాని. వాళ్ల ఊరి మత్స్యకారులంతా వారానికో రోజు వేట మానుకుని, తీరంలోని మడ అడవుల్లో చిక్కిన చెత్త తీస్తారట. కృష్ణకు వరదొచ్చి గేట్లెత్తినప్పుడల్లా ఎగువ ఊళ్ల సంచులన్నీ అక్కడికే చేరతాయట.

లోపలి నుంచి అంతా విన్న తల్లి కౌసల్య బయటికొచ్చింది. "నా పేరు తీస్కపోయి తాబేలు మెడకు కట్టిన్రా! పాపం తగుల్తది బిడ్డా, ఏదన్న జెయ్."

నిఖిత చేసింది. ఖాళీ సంచులు తిరిగి తెచ్చినవాళ్లకు నూకలిస్తామని మిల్లు ముందు బోర్డు పెట్టింది. నిడమనూరు నుంచి, మాడుగులపల్లి నుంచి జనం సంచులు మోసుకొచ్చారు. పక్క మిల్లులవాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్లూ బోర్డులు పెట్టారు.

తీరంలో దొరికిన సంచులు పట్టుకుని నాని నెలనెలా వచ్చేవాడు. మిల్లు రొదలో మాట వినపడదని ఇద్దరూ బయట, వడ్లు ఆరబోసిన చోట గట్టు మీద కూర్చునేవారు. పోటు ఎలా వస్తుందో, ఇసుక గూళ్లలోంచి బయటపడ్డ తాబేలు పిల్లలు తెల్లవారుతుండగా నీళ్లవైపు ఎలా పాకుతాయో అతను చెప్పేవాడు. వింటుంటే ఎదురుగా ఉన్న వడ్లు అలలు అలలుగా కదులుతున్నట్టే ఉండేది నిఖితకు.

"ఏంటండీ, అలా చూస్తున్నారు?"

"వడ్లు సూస్తున్న. నిన్ను గాదు."

"నన్నని నేనన్నానాండీ?"

వచ్చిన ప్రతిసారీ సంచులు తగ్గుతూ వచ్చాయి. సంతోషించాల్సింది పోయి, నిఖితకు దిగులేసేది. సంచులు దొరక్కపోతే అతనెందుకొస్తాడు?

వానలు మొదలయ్యాయి. ఆ నెల నాని రాలేదు. తర్వాతి నెలా రాలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసేది. ఏమని అడగాలి? చెత్త దొరికిందా అనా?

ఒక మధ్యాహ్నం జోరువానలో తడిసి ముద్దై వచ్చాడు. చంకలో సంచి.

"ఒక్కటే దొరికిందండీ."

నాచు లేదు. ఇసుక లేదు. అక్షరాలు నిగనిగలాడుతున్నాయి. నిఖిత ముక్కు దగ్గర పెట్టుకుంది. కొత్త బియ్యం వాసన!

"గిది యాడ దొరికింది?"

"సముద్రంలో..."

"నానీ!"

"కోదాడ బస్టాండు పక్క కొట్లోనండీ," తల దించుకున్నాడతను. "బియ్యం అక్కడే ఒకావిడకి ఇచ్చేశా. మా తీరంలో ఇప్పుడు ఒక్క సంచీ లేదు. ఉత్త చేతుల్తో ఏ మొహం పెట్టుకుని రానండీ?"

నిఖిత నవ్వబోయి, నవ్వలేక కళ్లు తుడుచుకుంది.

"గీ మొహమే పెట్టుకొని రావొచ్చు గదా! నేను రోజూ ఎదురుసూసింది సంచి కోసమనుకున్నవా?"

నాని తలెత్తాడు.

"అయితే... మళ్లీ రావచ్చాండీ?"

"అండీ అంటే రాకు."

"రానా, నిఖితా?"

గుమ్మంలో అలికిడైంది. కౌసల్య! ఎప్పటి నుంచి నిలబడిందో. ఆమె నాని చేతికి తువ్వాలు అందించింది. "తల తుడ్సుకో. జలుబు జేస్తది." తర్వాత, బాగా ఆలోచించుకున్నట్టుగా అడిగింది. "మీ ఊరికి ఈడికెళ్లి ఏ బస్సు పోతది?"

"విజయవాడలో మారాలండీ. ఎందుకండీ?"

"ఎందుకేంది? మీ అమ్మా నాయినతోని మేం మాట్లాడొద్దా?"