పాముకి దారి

"లైటు వెయ్యకుండా ఆ గదిలోకి వెళ్ళకే. వానాకాలం, ఏం దూరి ఉందో ఏమో!" అన్నాను.

"రోజూ అంటావమ్మా. రోజూ ఏమీ ఉండదు" అని నవ్వి, గుమ్మం బయట చెప్పులు విడిచి, మా అమ్మాయి దుప్పట్ల గదిలోకి వెళ్ళింది.

ఈ ద్వీపంలో ఒక గెస్ట్ హౌస్‌లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పని మా ఇద్దరిదీ. నాకు పడవంటే భయం, పిడుగంటే భయం, ఇస్త్రీ పెట్టె వైరంటే భయం. నాలుగు రోజులుగా వీటన్నిటినీ మించిన భయం ఒకటి పట్టుకుంది.

అడవిలో టూరిస్టులకి దారి చూపించే కుర్రాడొకడున్నాడు. ఎక్కడ పాము కనబడినా అందరూ అతన్నే పిలుస్తారు. నాలుగు రోజుల కిందట రేవు దగ్గర నన్ను ఆపి, "అమ్మగారూ, మీ అమ్మాయీ నేనూ ఇష్టపడ్డాం. మీరు సరేనంటే అవతలి ఒడ్డు నుంచి మా అమ్మని తీసుకొస్తాను" అన్నాడు.

నేను గబగబా వచ్చేశాను. పాములతో చెలగాటమాడేవాడికి పిల్లనిచ్చి, అది రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎదురుచూస్తుంటే చూడమంటారా?

"అమ్మా..." లోపల్నుంచి సన్నగా వినబడింది.

చీపురు పట్టుకుని గుమ్మంలోకి ఉరికాను. మా అమ్మాయి ఆ చివర అలమరకి అతుక్కుపోయి ఉంది. గది మధ్యలో తువ్వాళ్ళ బుట్ట పక్కన, జానెడెత్తు తలెత్తి పాము!

నా కేకకి ఆ కుర్రాడు వానలో తడుస్తూ వచ్చాడు. కిటికీ దగ్గర ఆగాడు.

"కదలకు" అన్నాడు మా అమ్మాయితో.

"కదలడానికి కాళ్ళుంటేగా! అవెప్పుడో నన్నొదిలి పారిపోయాయి."

"మాట్లాడొచ్చులే. మన కబుర్లతో పాముకి పని లేదు."

"కబుర్లేంటి బాబూ? పట్టుకో!" అని అరిచాను.

"పట్టుకోనండీ. నాకు భయం."

"నీకా?"

"ఎక్కువగా కాట్లు తినేది భయంలేని వాళ్ళేనండీ. దగ్గరికెళ్ళేది వాళ్ళేగా! దానికీ బయటికి పోవాలనే ఉంది. కానీ గుమ్మానికి అడ్డంగా..." నీళ్ళు నమిలాడు.

"అడ్డం ఏముంది?"

"నువ్వేనమ్మా" అంది మా అమ్మాయి.

"అత్తయ్యగారూ, ఆ చీపురు మెల్లగా దించి, ఒక్కొక్క అడుగే పక్కకి రండి."

"అత్తయ్యగారా? అప్పుడే వరస కలిపేశావేంటి మాస్టారూ!" అంది మా అమ్మాయి.

"టెన్షన్‌లో వచ్చేసింది!"

వాళ్ళ సరసం వాళ్ళది, నా గుండె దడ నాది. పిల్లని లోపల వదిలేసి గుమ్మంలోంచి తప్పుకోవడం ఏ తల్లికి చేతనవుతుంది? అయినా తప్పుకున్నాను. నాలుగడుగులు. గోడకి చేరగిలబడ్డాను.

పాము తల దించింది. గడప దాటి, మెట్లు దిగి, వానలో గడ్డిలోకి జారిపోయింది.

తోక కనబడకుండా పోయాక కూడా అతను కదలలేదు, మా అమ్మాయినీ కదలనివ్వలేదు. వంద లెక్కపెట్టాకే లోపలికొచ్చి టార్చితో అలమర కిందా వెనకా చూశాడు, పొడుగు కర్రతో బుట్ట తిరగేశాడు. ఆఖరికి గుమ్మం బయటున్న మా అమ్మాయి చెప్పుల్ని ఆ కర్రతోనే బోర్లించి, దులిపి, మళ్ళీ దులిపి, దాని ముందు పెట్టాడు.

"ఒకసారి చాలదా?" అంది అది.

"రెండోది నా భయానికి."

అచ్చం నాలాగే! వీణ్ణా నేను తెగించినవాడనుకున్నది? నాలుగు రోజులుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను.

ముగ్గురం వరండాలో నిలబడ్డాం. రేవు దగ్గర అడిగినమాట అతను మళ్ళీ ఎత్తలేదు. మా అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది.

"నాయనా" అన్నాను చివరికి. "మీ అమ్మగారిని తీసుకురా. గాలి లేని రోజు చూసి పడవెక్కించు."