ఐదో నీళ్ల చాయ్

"సచ్చిపోయినామె చాయ్ తాగుతదా సార్?"

తొర్రూరు బస్టాండు ఎదుట మేడమీది ఆఫీసులో, కుర్చీ అంచున కూర్చుని ప్రేమ్‌చంద్ అడిగిన మొదటి మాట అది. ఫోన్ కవర్ల దుకాణం అతనిది. డిటెక్టివ్ తుల్సీరాం నవ్వలేదు. సహాయకురాలు శృతి మాత్రం శృతి తప్పి దగ్గింది.

సరుకు కోసం ఒకసారి చైనా వెళ్లినప్పుడు, పిడకలా అదిమిన పువర్ అనే తేయాకు తెచ్చాడతను. పచ్చి రకం, ఇంకా లేతది. పేరుకు పూర్, చేదుకు రిచ్ అని భార్య కమ్లీ వెక్కిరించేది. వెక్కిరిస్తూనే రోజూ అతనితో తాగేది. చిటికెడు ఆకు మీద మళ్లీ మళ్లీ వేడినీళ్లు పోసి, ఏ నీళ్లకా నీళ్లు వేరుగా తాగాలి. కమ్లీ పోయి ఏడాది. ఇప్పటికీ వెనక వరండాలో రెండు కప్పులు పెడతాడు. మొదటి నాలుగు నీళ్లూ ఆమె కప్పులో చల్లారిపోతాయి. ఐదో నీళ్లు పోసి, మళ్లీ కాచడానికి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి ఆ కప్పు ఖాళీ. వీధి తలుపుకు లోపల గడియ.

"వచ్చేది కమ్లీ అయితే ఆ ఇంట్లనే ఉంట. కాదంటే తాళమేసి మానుకోట పోత, మా అక్క కాడికి." కొత్త తాళం జేబులోనే ఉంది.

చాయ్ తాగే ఛాయ, అని గొణిగింది శృతి.

"ఛాయకు నాలుక ఉండదమ్మా. దీనికి ఉన్నది" అన్నాడు తుల్సీరాం.

ఆ సాయంత్రమే ఇల్లు చూశారు. పెరటి గోడలో చిన్న ఇనుప తలుపు. ఒళ్లంతా తుప్పు, మడతబందులు మాత్రం నూనెతో నిగనిగలాడుతున్నాయి. గోడ అవతల ఒంటరిగా ఉండే జన్నత్ బీ కుట్టుమిషను తొక్కుతూ, తలెత్తకుండానే ఏమీ చూడలేదంది. మేడమీద అద్దెకుండే సాయికుమార్, పాలు లేని చాయ్ తనకు మందుతో సమానమన్నాడు. చివరగా, కమ్లీ ఉన్నప్పుడు ఎన్ని నీళ్లు తాగేవాడివని ప్రేమ్‌చంద్‌ను అడిగాడు తుల్సీరాం.

"మూడు. నాలుగోదానికి దుకాణం యాదికొచ్చేది."

మర్నాడు పొద్దున తుల్సీరాం అందరినీ వరండాలో కూర్చోబెట్టి తానే చాయ్ పోశాడు. మొదటి నీళ్లకు సాయికుమార్ మొహం ముడుచుకుపోయింది. పచ్చి చేదు, పచ్చి నిజంలా. రెండోది నాలుకను పిండేసింది. మూడోది కాస్త దిగింది, నాలుగోది ఇంకాస్త. జన్నత్ బీ ఒక్కటీ ముట్టలేదు. ఐదోది గుటకేయగానే చేదు తప్పుకుని గొంతులోంచి తీపి పైకి తేలింది. జన్నత్ బీ చెయ్యి దానంతటదే కప్పు మీదికి పోయింది. గుర్తొచ్చి ఆగింది గానీ, అప్పటికే అందరూ చూశారు.

"కమ్లీ వచ్చుంటే మొదటి మూడు సుత తాగేది. అవి నీతోటి తాగినవే గద" అన్నాడు తుల్సీరాం ప్రేమ్‌చంద్‌తో. "వచ్చేటోళ్లకు ఐదోదే ఎరుక. నువ్వు దుకాణంల ఉన్నప్పుడు కమ్లీ పక్కన కూసున్న మనిషి. ఆ బందులకు పెట్టింది కుట్టుమిషను నూనె."

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. మరుగున ఉన్నది మాత్రం బయటపడింది.

"చోరీ కాదు భయ్యా" అంది జన్నత్ బీ. "గా కప్పు నాదే. ఐదోది తన కప్పుల నాకే పోసేది కమ్లీ. కమ్లీ పోయినంక నన్నెవ్వలు పిలవలే. కప్పు మాత్రం గాడనే ఉన్నది."

ప్రేమ్‌చంద్ చెయ్యి జేబులో తాళం మీదే ఉంది.

"ఆరోది ఎట్లుంటది?" అని అడిగాడు.

"తెల్వది. గా యాళ్లకు నేను పోయేదాన్ని. ఆరోది కమ్లీ ఒక్కతే తాగేది. నువ్వు ఒక్కపారన్న మర్లొస్తవేమోనని రెండు కప్పులల్ల పోసుకునేది."

తుల్సీరాం లేచాడు. శృతి అతని వెనకే నడిచింది. సాయికుమార్ చప్పుడు చేయకుండా మేడెక్కాడు.

ప్రేమ్‌చంద్ తాళం తీసి బల్ల మీద పెట్టాడు. ఆరో నీళ్లు రెండు కప్పుల్లోనూ పోశాడు.

"కూసో అక్కా. ఇయ్యాల దుకాణం జర లేటుగ తెరుస్త."