పెన్సిల్‌తో రాసిన మాట

"చివరి పేజీ కూడా ఓకే! మన ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ రేపు పొద్దున్నే మిషనెక్కుతోంది!"

ప్రెస్సు నుంచి వచ్చిన ఫోన్ పెట్టేసి, అరవై ఏళ్ల ఎడిటర్‌గారు చిన్నపిల్లాడిలా ఒక్క గెంతు గెంతారు. మూడేళ్ల కష్టం మరి! గదంతా చప్పట్లు.

కొట్టనివాడు ఒక్కడే, అర్థాలు రాసే అబ్బాయి. అతనికి అప్పుడే ఒక కార్డు గుర్తొచ్చి పైప్రాణాలు పైనే పోయాయి.

ఆ ఆఫీసులో ప్రతి మాటకీ ఒక కార్డు. అర్థాలు సిరాతో రాయాలి. వాడుక చూపించే వాక్యాలు మాత్రం ముందు పెన్సిల్‌తో. ప్రూఫులు చూసే అమ్మాయి టిక్కు పెడితేనే అవి ప్రెస్సుకి వెళ్తాయి. ఒక వానరోజు ఆమె సెలవులో ఉంటే, ఇతగాడు 'అప్‌సెట్' కార్డు మీద మనసులో ఉన్నదంతా గీకేశాడు. తర్వాత చెరిపేద్దామనుకుని శుభ్రంగా మర్చిపోయాడు.

అవే అచ్చయితే? ఆ అమ్మాయి ఎడిటర్‌గారి కూతురాయె! ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఆమె మళ్లీ మొహం చూస్తుందా?

గబగబా కార్డుల గదిలోకి వెళ్లి సొరుగు లాగాడు. కార్డు లేదు.

"దీనికోసమేనా, అర్థాలగారూ?"

వెనకాల ఆమె. చేతిలో కార్డు.

"అదీ... ఏదో తోచక..."

"ఉండండి, చదవనీండి." ఆమె గొంతు సవరించుకుంది. "అప్‌సెట్. ఒకటి, దిగులుపడిన. 'ఆమె సెలవు పెడితే అతను రోజంతా అప్‌సెట్.' రెండు, తారుమారు చేయు. 'ఎడమ బుగ్గ మీది సొట్ట అతని బుద్ధిమంతుడి ప్లాన్లన్నీ అప్‌సెట్ చేసింది.' ఈ ఆఫీసులో సొట్ట ఎవరికుందబ్బా?"

"ప్రె... ప్రెస్సాయనకి."

"ఆయనకి గడ్డం తప్ప బుగ్గలు కనిపిస్తేగా!"

ఆమె పకపకా నవ్వింది. సొట్ట పడనే పడింది. అతను చూపు తిప్పుకోబోయి, అది చేతకాక, అలాగే ఉండిపోయాడు.

"మూడు, కడుపులో తేడా చేయు. 'ఆమె బాక్సులో ఉప్పెక్కువైన కూర తిని అతని కడుపు అప్‌సెట్ అయింది. అయినా మర్నాడూ అడిగి తిన్నాడు.' నా వంట అంత ఘోరమా?"

"అబ్బే! కాస్త ఉప్పు..."

ఆమె కళ్లెర్రజేసింది.

"అది సరే, ఇవి అచ్చయిపోయాయా?" అన్నాడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

"నేనుండగానా? వేరే వాక్యాలు రాసి పంపించా. ఎనిమిది నెలలైంది."

"ఎనిమిది నెలలా! ఒక్కమాటైనా అనలేదేం?"

"మీరే నోరు విప్పుతారేమోనని చూశా."

కార్డు అతని చేతిలో పెట్టింది. ప్రతి వాక్యం పక్కనా ఎర్రటి టిక్కు. మూడోదాని పక్కన అదనంగా, 'ఉప్పు సరిపోయింది' అని దిద్దుబాటు.

అతనికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "మీరంటే నాకు చాలా ఇష్టం."

"పెన్సిల్‌తోనా, సిరాతోనా?"

"సిరాతోనే!"

"అయితే టిక్కు," అంది, తల వంచుకుని.

"ఆ సిరా కాస్త ఆరనివ్వండర్రా!" తలుపు దగ్గర ఎడిటర్‌గారు. ఇద్దరూ చెరోవైపు జరిగారు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఎనిమిది నెలలుగా అది ఆ కార్డు పుస్తకంలో పెట్టుకుని తిరుగుతోంది, నాకు తెలీదనుకుందేమో! ఏమయ్యా, రేపు సాయంత్రం ఆరింటికి మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని మా ఇంటికి రా. మాట్లాడుకుందాం," అన్నారు.

"భోజనం చేసి వెళ్లాలి నాన్నా," అందుకుంది ఆమె, సొట్ట దాచుకోకుండా. "రేపు వంట నాదే!"