పచ్చ టిక్కు పడిన రికార్డు

చిన్నక్క శవం కుప్పం క్లినిక్‌లో రెండో మంచం మీద ఉంది.

కుడికాలికి కట్టు. మెడ, పెదవులు వాచి ఉన్నాయి. పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే ప్రాణం పోయింది.

సైబర్ సెల్ ఎస్సై నందిని ఆ ముఖాన్ని ఒక్కసారే చూసింది. రెండోసారి చూడబుద్ధి కాలేదు. పోలీసు ఉద్యోగంలోకి రాకముందు ఆమె బెంగళూరులో డేటాబేసులకు మరమ్మతులు చేసేది. అందుకే కంప్యూటర్ మాట వినపడిన ప్రతి కేసూ ఆమె నెత్తిన పడుతుంది. దసరా పూట కూడా అంతే.

డాక్టర్ దినేష్ స్క్రీన్ తిప్పి చూపించాడు.

"చూడండి మేడమ్. అలర్జీల గడి ఖాళీ. ఇందులో నా తప్పేముంది?"

"టెస్ట్ డోస్ వేశారా?"

"రష్ ఎక్కువగా ఉండింది. స్క్రీన్ చూసే ఇచ్చాను."

ఒకే ట్రస్టుకు మూడు క్లినిక్‌లు. మదనపల్లెలో పెద్దది, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. రికార్డులన్నీ మదనపల్లె సర్వర్‌లో ఉంటాయి. ఏ ఊళ్లో ఎక్కించినా మిగతా రెండు ఊళ్లలో కనపడాలి.

చిన్నక్కది పుంగనూరు. ముందురోజు సాయంత్రం అక్కడి క్లినిక్‌లో కాలి పుండు చూపించుకుంది. పొద్దున కుప్పంలో ఉన్న కూతురింటికి వచ్చింది. జ్వరం పెరిగితే కూతురు ఇక్కడికి తీసుకొచ్చింది.

ఆ కూతురు ప్రమీల మంచం పక్కన నేల మీద కూలబడి ఉంది. గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది. నందినిని చూడగానే లేచి మీదికొచ్చింది.

"ఆ పుంగనూరు నర్సును యాల పట్టుకోలేదు మేడమ్? ఆ సూది పడదని కంప్యూటర్లో ఎక్కియ్యాల్సింది ఆ యమ్మే! ఎక్కియ్యకుండా ఇంటికి పోయింది. మాయమ్మను సంపేసింది!"

ట్రస్టు వాళ్లు అప్పటికే పోలీసులకు అదే మాట రాసిచ్చారు. నర్సు మెహ్రీన్ నిర్లక్ష్యం. పండగ రోజు సెలవు ఇవ్వలేదని కోపం. సస్పెండ్ చేశాం. తెల్లారితే అరెస్టు.

ఇంత తొందరగా, ఇంత శుభ్రంగా తేలిన కేసంటే నందినికి ఒళ్లు మంట. చిన్నక్క ఫోన్‌ను కవర్‌లో వేసుకుని జీపెక్కింది.

*

పుంగనూరులో మెహ్రీన్ ఇంటి తలుపు తెరిచే ఉంది. తండ్రి ఘని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ల మెహ్రీన్ ఏడవడం అప్పటికే అయిపోయినట్టుంది.

"ఎక్కించినా మేడమ్. టెస్ట్ డోస్ ఏస్తే చెయ్యంతా దద్దుర్లు లేసినాయి. వెంటనే అలర్జీ గడిలో పెన్సిలిన్ అని కొట్టినా. సేవ్ నొక్కినా. పచ్చ టిక్కు పడింది."

"టిక్కు పడిందని అంత ఖాయంగా ఎలా చెప్తావు?"

"మదనపల్లె నుంచి ఫోన్ మీద ఫోన్ మేడమ్. ఆయుధ పూజకు టైమయింది, లాగౌట్ కాండి అని. టిక్కు సూసినాకనే లేసినా."

"సెలవు ఇవ్వలేదని కోపంగా ఉన్నావంట?"

"కోపమే. వాళ్ల పండగకు మేం పని సెయ్యాల. మా పండగకూ మేమే సెయ్యాల. అట్లని ఆ కోపం ఒక ముసలామె పానం మీద సూపిస్తానా?"

ఘని తల ఎత్తలేదు. నందిని మాట మార్చింది.

"ఆ టైమ్‌లో కరెంటు పోయిందా?"

"లేదు మేడమ్. నిన్న అస్సలు పోలేదు."

"సేవ్ అయితే ఇంకేం జరుగుతుంది?"

"పేషెంట్ ఫోనుకు మెసేజ్ పోతాది."

నందిని కవర్‌లోంచి చిన్నక్క ఫోన్ తీసింది. బటన్ల ఫోన్. మెసేజ్‌లు తెరిచింది.

మీ వైద్య రికార్డులో మార్పు నమోదైంది. సాయంత్రం 4:17.

నమోదైందని మెసేజ్ ఉంది. నమోదు మాత్రం లేదు.

*

మదనపల్లె ఆఫీసులో గిరిబాబు కంగారేమీ పడలేదు. ట్రస్టుకు సాఫ్ట్‌వేర్ రాసింది, సర్వర్ చూసుకునేది అతనే.

"బగ్ మేడమ్. మా సాఫ్ట్‌వేర్‌లో కాదు, దాని కింద ఉండే డేటాబేస్‌లో. ఓపెన్ సోర్స్ కదా. దేశదేశాల వాళ్లు ఖాళీ టైమ్‌లో రాసి ఊరికే ఇస్తారు. ఇట్లాంటివి జరుగుతాంటాయి. ఇందాకే వాళ్లకు బగ్ రిపోర్ట్ కూడా పెట్టినా."

రిపోర్ట్ చూపించాడు. సేవ్ అయిన రికార్డు మాయమైంది, మీ డేటాబేస్‌లో లోపం ఉంది, అని రాశాడు. కింద ఎవరో వాలంటీర్ అప్పుడే జవాబిచ్చాడు. మూడు ప్రశ్నలు. డిస్క్ ఏ రకం? సర్వర్‌కు పవర్ హఠాత్తుగా పోయిందా? రాసింది డిస్క్‌కు చేరేదాకా ఆగే సెట్టింగ్ ఆన్‌లో ఉందా?

గిరిబాబు ఒక్కదానికే జవాబు రాశాడు. పవర్ పోలేదు, యూపీఎస్ ఉంది, అని.

"మిగతా రెండూ?"

"తర్వాత రాస్తాను మేడమ్."

"సర్వర్ లాగ్ చూపించండి."

అతను కుర్చీలో సర్దుకున్నాడు. లాగ్ తెరిచాడు. పొద్దున డేటాబేస్ లేవగానే రాసుకున్న మొదటి వాక్యం మీద నందిని వేలు ఆగింది. నన్ను సరిగ్గా మూయలేదు, మధ్యలో ఆగిపోయాను, అన్నది దాని సారాంశం.

"కరెంటు పోలేదన్నారు?"

"పోలేదు మేడమ్. ఎవరినైనా అడగండి."

అడిగింది. వాచ్‌మన్‌ను అడిగింది, రిసెప్షన్‌లో అడిగింది. అందరిదీ ఒకటే మాట. కరెంటు పోలేదు. అబద్ధం చెబుతున్న ముఖాలు కావవి.

ఆమె సర్వర్ గదిలోకి వెళ్లింది. సర్వర్‌కు గంధం. యూపీఎస్‌కు పూలమాల. దాని మెయిన్ స్విచ్ మీద కుంకుమ బొట్టు. బొట్టు మధ్యలో కుంకుమ చెదిరిపోయి వేలిముద్ర పడి ఉంది.

నందిని అక్కడే కాసేపు నిలబడింది. ఆ తర్వాత జీపులో కూర్చుని ఆ డేటాబేస్ బగ్ రిపోర్టుల పేజీ తెరిచింది. గిరిబాబు అక్కడ పెట్టుకున్న పేరుతో వెతికింది. ఏడాది కిందటి రిపోర్ట్ ఒకటి దొరికింది. చదివి, ఫోన్ పక్కన పడేసింది. లోపలికెళ్లి అతని చెంప పగలగొట్టాలనిపించింది.

*

మర్నాడు పొద్దున ట్రస్టు చైర్మన్ మునిరత్నం గదిలో అందరూ కూర్చున్నారు. దినేష్, గిరిబాబు ఒకవైపు. ప్రమీల, మెహ్రీన్ ఒకరి ముఖం ఒకరు చూడకుండా మరోవైపు. గుమ్మం బయట లేడీ కానిస్టేబుల్ నిలబడి ఉంది.

"త్వరగా తేల్చమ్మా," అన్నాడు మునిరత్నం. "ట్రస్టు పరువు పోతాండాది."

"మెహ్రీన్ ఎక్కించలేదని మీరు రాసిచ్చారు. ఎక్కించకపోతే చిన్నక్క ఒక్కదాని రికార్డే పోవాలి. అవునా?"

"అవును."

"మెసేజ్‌లు పంపే కంపెనీని అడిగాను. 4:17కి మూడు మెసేజ్‌లు వెళ్లాయి. పుంగనూరు నుంచి చిన్నక్కకు. మదనపల్లెలో ఒక బాలింతకు. కుప్పంలో ఒక పెద్దాయనకు. ఆ మూడు మార్పుల్లో ఒక్కటి కూడా డేటాబేస్‌లో లేదు. డాక్టర్ గారూ, ఆ కుప్పం ఎంట్రీ చేసింది మీరే. మీ పచ్చ టిక్కు కూడా అబద్ధమే."

దినేష్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"మూడు ఊళ్లలో ముగ్గురు ఒకే నిమిషంలో నిర్లక్ష్యం చేశారా? లేదు. 4:17కి సర్వర్ పవర్ తెగింది."

"కరెంటు పోలేదు కదమ్మా!"

"పోలేదు సార్. మీరు తీశారు."

ఆమె ఫోన్ తిప్పి చూపించింది. ట్రస్టు వాట్సాప్ గ్రూపులో ఆయుధ పూజ ఫోటో. నుదుట బొట్టుతో మునిరత్నం. ఆయన వేలు యూపీఎస్ స్విచ్ మీద. పక్కనే సర్వర్ లైట్లు ఇంకా వెలుగుతున్నాయి.

మునిరత్నం నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"పూజకమ్మా అది! యాడాదికొకనాడు మిషన్లకు రెస్టు ఇయ్యొద్దా? మా నాయన రైస్ మిల్లు కాలం నుంచీ అంతే. టెంకాయ కొట్టి, నా చేత్తో ఆపేది. దాన్ని కరెంటు పోవడం అంటారా ఎవరైనా?"

"ఎవరూ అనరు. అందుకే అడిగిన ప్రతివాళ్లూ పోలేదన్నారు. రైస్ మిల్లు ఆపితే లోపలి బియ్యం లోపలే ఉంటాయి సార్. దీన్ని ముందు సాఫ్ట్‌వేర్‌లో మూసి, ఆ తర్వాతే స్విచ్ తీయాలి. మూస్తే లైట్లు ఆరిపోతాయి. ఫోటోలో బాగుండదు."

ఎవరూ నవ్వలేదు.

"అయినా రికార్డు పోకూడదు," అంది నందిని. "హఠాత్తుగా పవర్ తెగినా నిలబడేలాగే ఆ డేటాబేస్ రాశారు. డిస్క్ మీద పడ్డాకే సేవ్ అయిందని చెబుతుంది. ఆ సెట్టింగ్‌ను ఎవరో ఆఫ్ చేశారు. దాంతో డిస్క్ మీద పడకముందే పచ్చ టిక్కు పడుతోంది. ఎవరు గిరిబాబూ?"

"మేడమ్, అది బగ్..."

"పోయిన ఏడాది ఆయుధ పూజ మర్నాడు మీరు ఇదే రిపోర్ట్ పెట్టారు. అప్పుడు పోయింది ఒక అపాయింట్‌మెంట్. ఎవరూ పట్టించుకోలేదు. ఊరూ పేరూ తెలియని ఒక మనిషి కూర్చుని మీకు ఓపిగ్గా రాశాడు. ఆ సెట్టింగ్ ఆన్ చేయండి, లేకపోతే మళ్లీ పోతాయి, ఇవి ఆసుపత్రి రికార్డులైతే అస్సలు ఆలస్యం చేయొద్దు, అని. మీరు థాంక్స్ చెప్పి రిపోర్ట్ మూయించారు. నిన్న మళ్లీ వాళ్ల మీదే వేశారు."

గిరిబాబు నేలచూపులు చూశాడు.

"ఆన్ చేసినా మేడమ్. కొన్నాళ్లు నడిపినా. డిస్క్ పాతది, నిదానం. సేవ్ నొక్కితే తిరుగుతానే ఉంది, చేతగాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని సార్ అరిచినాడు. మళ్లీ ఆఫ్ చేసినా."

"కొత్త డిస్క్ కావాలని అడగాల్సింది."

"అడిగితే ఎవరిస్తారు?"

మునిరత్నం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చేతకానితనానికి భయం తోడైతే ఎంత పని జరుగుతుందో నందిని చాలా కేసుల్లో చూసింది. చూసిన ప్రతిసారీ అసహ్యమే వేసింది.

దినేష్ గట్టిగా ఊపిరి వదిలాడు. "అంటే నా వైపు ఏ తప్పూ లేదన్నమాట."

"ఇంకొక్క ప్రశ్న ఉంది," అని నందిని ప్రమీల వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"అమ్మా, అలర్జీ గడి ఖాళీ. పెన్సిలిన్ పడదన్న మాట కుప్పంలో ఏ స్క్రీన్ మీదా లేదు. మెహ్రీన్‌తో నువ్వు మాట్లాడలేదు. ఆ సూది పడదని ఎక్కించాల్సి ఉండిందని నీకెలా తెలుసు?"

ప్రమీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాయమ్మ సెప్పింది."

"నీకా?"

"నాకూ సెప్పింది, డాక్టరుకూ సెప్పింది. ఆ సూది నాకు పడదంట నాయనా, చెయ్యి సూడు అని సూపించింది. ఈడేం లేదే అని ఆయన కంప్యూటర్ సూపించినాడు. మాయమ్మ మళ్లీ సెప్పింది. నేనే... ఊరుకోమ్మా, సదువుకున్నోళ్లకు తెలీదా, లైనులో జనం ఉండారు అని నేనే అరిచినా. సరేలే అని చెయ్యి సాపింది."

ఆమె కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది. నందిని దినేష్ వైపు చూసింది.

"విన్నారా మీరు?"

"పేషెంట్లు ఏవేవో చెబుతుంటారు మేడమ్," అన్నాడతను మెల్లగా. "స్క్రీన్‌లో లేదు కదా."

మునిరత్నం గొంతు సవరించుకున్నాడు. "సరేమ్మా మెహ్రీన్, అయిపోయిందేదో అయిపోయింది. సస్పెన్షన్ ఎత్తేస్తాం. రేపట్నుంచి డ్యూటీకి రా."

మెహ్రీన్ లేచింది. చైర్మన్‌కు జవాబివ్వలేదు. ప్రమీల దగ్గరికి వెళ్లి నిలబడింది. కోపమో జాలో ఆమె ముఖంలో తెలియలేదు.

"టిక్కు పడినా నాకు మనసొప్పలేదు," అంది. "యాడికి పోయినా, ఎవరు సూది ఎత్తినా, నోరు తెరిచి సెప్పవ్వా అని నేర్పించి పంపినా. ఆ యమ్మ నేను నేర్పించినట్లే సెప్పింది. మీ ఇద్దరిలో ఒక్కరూ ఇనలేదు."

ప్రమీల ఆమె చెయ్యి పట్టుకోబోయింది. మెహ్రీన్ చెయ్యి వెనక్కు తీసుకుని, గుమ్మం దగ్గరున్న కానిస్టేబుల్‌ను తప్పుకోమని బయటికి నడిచింది.