పటంలో కళ్లు

మా ఆయన ఎల్లాజీ చేపల వేటకెళ్లి సముద్రంలో పోయాడు. ఆధార్ కార్డులో ఆయన ముఖం మసిగుడ్డలా ఉంది. అందుకని ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషినే ఫొటో తీశారు. పలాస స్టూడియోవాడు కంప్యూటర్లో మూసిన కళ్లు తెరిచి, జుట్టు దువ్వి, పటం కట్టి ఇచ్చాడు. ఎంత మాయ అని నోరు తెరుచుకు చూశాను.

గోడకు తగిలించాక తెలిసింది, ఆ కళ్లు మా ఆయనవి కావు. కాపరం చేసినన్నాళ్లూ ఆయన నన్నలా చూడలేదు. పెదవి కదలదు, కళ్లు మాత్రం చులకనగా నవ్వుతాయి. నేనా ఒంటరిదాన్ని. చీర మార్చుకోవాలంటే పటం మీద తువ్వాలు కప్పేదాన్ని. మళ్లీ చూసేసరికి అది కింద పడి ఉండేది.

ఓర్చుకోలేక ఒక మధ్యాహ్నం ఆటో ఎక్కాను. పలాసంతా జీడిపిక్కలు కాల్చే వాసన. ముసలితనంలో నేర్చిన అక్షరాలు కదా, బోర్డు కూడబలుక్కుని లోపలికెళ్లాను. స్టూడియోవాడు మురళీమోహన్ ఒక్కడే ఉన్నాడు.

"కళ్లు మార్చు బాబూ. అవి మా ఆయనవి కావు."

వాడు నవ్వాడు. పటంలోని నవ్వే.

"సచ్చినోడికి కళ్లెక్కణ్నుంచి తెత్తాను మామ్మా? నావే అతికించాను. నీ మొగుడికే కాదు, కవిటి నుంచి టెక్కలి దాకా కళ్లు మూసుకొచ్చినోళ్లందరికీ నావే. దండేసి దణ్ణాలు పెడతన్నారు. ఒక్కడైనా కనిపెట్టాడేటి?"

"తప్పు కదా నాయినా?"

"మీ మొకాలకి ఇంతకంటే ఏటి కావాలి?"

కంప్యూటర్ తెర నావైపు తిప్పాడు. వరసలు వరసలుగా చిన్న చిన్న ముఖాలు. ముసలివాళ్లు, పడుచువాళ్లు, కిడ్నీ జబ్బుతో ఉబ్బినవాళ్లు, చెరువుల్లో పడి పోయినవాళ్లు. అందరికీ అవే కళ్లు.

"పెళ్లి ఆల్బాలకి జాగా సాలట్లేదు. ఈ సెత్తంతా తీసేత్తాను, సూడు."

"మా ఆయనదొక్కటీ ఉంచు. కళ్లు మూసినట్టే ఇచ్చేయి, నాకదే సాలు" అని బతిమాలాను. ఆయన అసలు ముఖం వాడి కంప్యూటర్లోనే ఉంది. అది పోతే నాకు మిగిలేది గోడమీది దొంగచూపే.

"పటం ఉంది కదేటి నీకు? తీసేయనా అని కంప్యూటరే అడుగుతంది సూడు, పాపం. దీనికున్న జాలి నాకు లేదు." నొక్కాడు.

ముఖాలు వెంటనే పోలేదు. ఒక్కొక్కటిగా... కళ్లు మూసుకున్నాయి. పైవరస నుంచి, మెల్లగా. రెప్పలు వాలడం నేను చూశాను. అన్నిటికంటే చివర మా ఆయన. అప్పుడు తెర ఖాళీ అయింది.

"కరెంటు పోయిందేటి?" అన్నాడు మురళీమోహన్.

ఫ్యాను తిరుగుతోంది. లైటు వెలుగుతోంది.

"మామ్మా... ఉన్నావా?"

వాడి ముఖం ముందు చెయ్యి ఆడించాను. రెప్ప కదల్లేదు. అబద్ధమెందుకు, నాకు జాలి కలగలేదు.

"ఉన్నాను. ఏటి కనిపిత్తంది నీకు?"

"ఇల్లు... గోడ మీంచి సూత్తన్నట్టుంది. కింద నులకమంచం. దండెం మీద పచ్చ చీర."

నా చీరే. పొద్దున ఆరేసి వచ్చాను.

"మంచం మీద ఎవరో పడుకున్నారు... అటు తిరిగి. ఒళ్లంతా తడి. కింద మడుగు కడతంది."

"ఎవరో సూసి సెప్పు" అన్నాను గుసగుసగా.

"లేత్తన్నాడు... ఇటే వత్తన్నాడు." కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "మామ్మా... నన్ను గోడ మీంచి దించేత్తన్నాడు..."

ఆ కేకకి పక్క కొట్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు. మళ్లీ వాడు మాట్లాడలేదు.

మా ఆయనే తిరిగొచ్చాడనుకుని ధైర్యంగానే ఇంటికొచ్చాను. బయట నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. గుమ్మం కింద నుంచి నీళ్లు పారుతున్నాయి. వంగి, వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాను.

మా ఆయన పోయింది సముద్రంలో.

ఆ నీళ్లు చప్పగా ఉన్నాయి.